చలికాలం రాకముందే పైకప్పు వంక చూడండి

తెలుగునాట ఇల్లు కట్టుకొనేవారికి నిప్పు భయం తెలుసు, వరద భయం తెలుసు. కాని గొట్టంలోని నీరు గడ్డకట్టి ఇల్లు మునుగుతుందన్న ఊహ ఎవరికీ రాదు. ఉత్తర అమెరికాకు వలస వచ్చిన మనకు మాత్రం నిప్పు, నీరు, చలి మూడూ ఒకే గొట్టంలో ఎదురవుతాయి. అదే మన సంఘ భవనాల పైకప్పులో దాగివుండే అగ్నిమాపక స్ప్రింక్లర్ గొట్టం. మనలో ఇంజనీర్లకు కొదవ లేదు. అయినా ఆ గొట్టాన్ని గురించి ఆలోచించినవారు అరుదు. ఈ మాట ఇతరులను ఆక్షేపించడానికి అనడంలేదు. మొదటి దోషిని నేనే.

కొన్నేళ్ళ క్రితం మిచిగన్‌లో మా సంఘం వాడుకొనే భవనంలో సంక్రాంతి సంబరాలు ముగిశాయి. కుర్చీలు సర్ది, తాళం వేసేముందు, ఖర్చు కలిసివస్తుందన్న సదుద్దేశంతో నేను థర్మోస్టాట్‌ను 45 డిగ్రీలకు దించాను. తరువాతి వారాంతంలో పిల్లల తెలుగు బడికి తలుపు తీసినవారికి మడమలోతు నీరు స్వాగతం పలికింది. ప్రవేశద్వారం పైన గొట్టం పగిలింది. ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరు సూట్‌కేసులలో మోసుకొచ్చిన పుస్తకాలు అట్టలు ఊడి ముద్దయిపోయాయి. హాలు మధ్యగోడకున్న థర్మోస్టాట్‌కు, బయటిగోడను ఆనుకొని పైకప్పు చీకటిలో ఉన్న గొట్టం పడే చలి ఎలా తెలుస్తుంది? కంచే చేను మేసిందన్న సామెత ఆనాడు మాకు కళ్ళారా కనిపించింది.

ఇందులోని భౌతికశాస్త్రం క్లిష్టమైనదేమీ కాదు. నీరు గడ్డకట్టేటప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. మంచుగడ్డ గొట్టాన్ని పక్కలకు నెట్టి పగలగొడుతుందని చాలామంది అనుకొంటారు. తరచుగా జరిగేది వేరు. మంచు ఒకచోట బిరడాలా ఏర్పడి పెరుగుతూ, తనకూ గొట్టం మూసివున్న చివరకూ నడుమ చిక్కుకొన్న నీటిని నొక్కుతుంది. ఆ పీడనానికి ఏ అతుకు బలహీనమో అది విడిపోతుంది. మంచు కరిగిన తరువాతగాని ఆ గాయం బయటపడదు. ఇంటి కుళాయినైతే చలిరాత్రి సన్నని ధారగా వదిలి కాపాడుకోవచ్చు. స్ప్రింక్లర్ గొట్టాలలో నీరు ఏళ్ళ తరబడి కదలక నిలిచివుంటుంది కనుక అక్కడ ఆ ఉపాయం చెల్లదు. అందుకే నీటితో నిండిన గొట్టాలున్న ప్రతి చోటా ఉష్ణోగ్రత 40 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గరాదని ఎన్.ఎఫ్.పి.ఏ. 13వ ప్రమాణం నిర్దేశిస్తుంది. హాలులో కాదు, గొట్టమున్న ప్రతి చోటా!

గొట్టం పగలడం కంటె నన్ను ఎక్కువగా కలవరపరచినది ఆ తరువాతి సమావేశం. “ఈ బెడద ఎందుకు? చలికాలమంతా కవాటం మూసేద్దాం” అని ఒక పెద్దాయన సూచించగా సగంమంది తలలూపారు. నా ఉద్దేశంలో ఇది మొదటి తప్పుకంటె పెద్ద తప్పు. స్ప్రింక్లర్లు ఉండి కూడా పనిచేయని అగ్నిప్రమాదాలలో అన్నిటికంటె తరచుగా కనిపించే కారణం వ్యవస్థను ఎవరో ఆపివుంచడమే. చలికాలమే మన భవనాలలో దీపాలు, వంటపొయ్యిలు, విద్యుత్ హీటర్లు ఒక్కసారిగా వెలిగే కాలం. 2021 ఫిబ్రవరి మంచుతుఫానులో టెక్సాస్‌లోని కిలీన్ పట్టణంలో ఒక హోటల్ అంటుకొన్నప్పుడు గొట్టాలు గడ్డకట్టినందున స్ప్రింక్లర్లు అక్కరకు రాలేదు. సినిమాలలో చూపినట్లు స్ప్రింక్లర్లన్నీ ఒకేసారి కురుస్తాయన్నది అపోహ. సాధారణంగా వాడే రకంలో, దాదాపు 155 డిగ్రీల వేడి తగిలిన తలమాత్రమే తెరుచుకొంటుంది. చిన్న మంటను చిన్నగా ఉండగానే అణచే ఆ కాపలాదారును మూడు నెలలు సెలవుపై పంపడం వివేకమా?

మరి చేయవలసినదేమిటి? అక్టోబరులోనే నిచ్చెన వేసి, అటకలోకి చలిగాలి చొరబడే సందులు వెదకి మూయించాలి. ఇన్సులేషన్ గొట్టం కింద కాదు, పైన కప్పినట్లుండాలి. అప్పుడే గదిలోని వెచ్చదనం గొట్టాన్ని చేరుతుంది. ఇన్సులేషన్ దుప్పటివంటిది: ఉన్న వేడిని నిలుపుతుందే తప్ప లేని వేడిని పుట్టించదు. భవనంలో అతి చల్లని మూలలో ఒక ఉష్ణమాపకం పెట్టాలి. గొట్టాలలో నీటికి బదులు గాలి నింపివుంచే డ్రై వ్యవస్థ ఉన్నవారు నిశ్చింతగా ఉండరాదు. పల్లపు చోట్ల చేరిన తేమను చలికి ముందే వదిలించాలి. కవాటమున్న గదిని వెచ్చగా ఉంచాలి. ఇక యాంటీఫ్రీజ్ విషయంలో సొంతవైద్యం ప్రాణాంతకం. 2009లో కాలిఫోర్నియాలోని ట్రక్కీలో వంటింటి మంటపై చిమ్మిన గాఢ ద్రావణమే భగ్గుమనగా ఒకరు మరణించారు. 2010లో ఎన్.ఎఫ్.పి.ఏ. ఈ విషయమై హెచ్చరిక జారీచేసింది. అందువలన ఆమోదం పొందిన ద్రావణాన్నే వాడాలి, అదీ లైసెన్సున్న నిపుణుని చేతనే ఏటా పరీక్ష చేయించాలి. మరమ్మతుకై వ్యవస్థను ఆపవలసివస్తే అగ్నిమాపక శాఖకూ ఇన్సూరెన్స్ సంస్థకూ ముందే తెలపాలి. ఒక రోజులో 10 గంటలకు మించి ఆపితే భవనాన్ని ఖాళీ చేయడమో, మనిషిని కాపలా పెట్టడమో తప్పదు.

విరాళాలతో నడిచే సంఘానికి చలికాలపు బిల్లు బరువేనన్న వాదన నిజమే. కోశాధికారుల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. కాని థర్మోస్టాట్ దించి నేను మిగిల్చిన డబ్బు ఒక్క పూట కాఫీలకు చాలదు. నానిన పుస్తకాలలో కొన్ని మళ్ళీ అచ్చులో దొరకలేదు.

అసలు లోపం డబ్బులో లేదు; “అందరి పని ఎవరి పనీ కాదు” అన్నదానిలో ఉంది. సాంస్కృతిక కార్యదర్శి, భోజనాల సంఘం, అలంకరణ సంఘం మనకున్నాయి. భవనానికి పేరుపెట్టి బాధ్యుడనదగిన మనిషి లేడు. ప్రతి సంఘమూ దసరా సంబరాల లెక్కలు చూసే సమావేశంలోనే ఒకరిని ఈ పనికి నియమించి, బడ్జెట్‌లో ఒక పద్దు కేటాయించాలని నా మనవి. దాతల పేర్లు గోడమీద చెక్కించడానికి ముందే ఈ పని జరగాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వేవారిని చూసి మన పెద్దలు నవ్వారు. తవ్వివున్న బావిని గడ్డకట్టనిచ్చేవారిని చూస్తే ఏమనేవారో!