కాలువ వచ్చింది, ఈత పోయింది

విజ్ఞానయాత్రకై విజయవాడ వెళ్లి వచ్చిన విద్యార్థులెవరిని పలుకరించినా మొదట చెప్పేది నీటిని గురించే. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఆ నగరం నడుమనుండి సాగిపోతాయి. 1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తయిన పిమ్మట ఆ కాలువలు పొలాలకు నీరిచ్చుటయే గాక, ధాన్యపు పడవలకు, ప్రయాణికుల పడవలకు దారులైనాయి. 1957లో పాత ఆనకట్ట స్థానే ప్రకాశం బ్యారేజి వెలసింది. దానికి ఎగువనున్న భవానీ ద్వీపానికి పడవలో పోతూ, అంచున కూర్చొని చేతిని నీటికి ఆనించిన కుర్రవాని ఆనందాన్ని మేము ఎంతమాత్రం తక్కువ చేయము. మన కరీంనగరం చెంత దిగువ మానేరు జలాశయంలో పడవ ఎక్కినా ఆ ఆనందమే కలుగుతుంది.

అయితే ఆ కృష్ణలోనే, 2017 నవంబరులో, పవిత్ర సంగమం వద్ద పడవ తలక్రిందులై ఇరవై మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు వద్ద మరొక పడవ మునిగింది. వారందరూ విహారానికి బయలుదేరినవారే. కావున జలవిహారాన్ని కోరే విద్యార్థి మిత్రులతోనూ, దానిని మంజూరు చేసే పాలకవర్గ పెద్దలతోనూ మేము ఒక మాట మనవి చేయదలచాము. పడవకు ముందు ఈత రావాలి.

మన సుల్తానాబాద్ కాలువల నగరం కాకపోవచ్చును గాని, ఇది కాలువల సీమయే. 1963లో పండిత నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు, నేటి శ్రీరాంసాగరం, నుండి బయలుదేరిన కాకతీయ కాలువ సుమారు 284 కిలోమీటర్లు సాగుతుంది. దాని ఉపకాలువలే మన పొలాలను తడుపుతున్నాయి. ఉర్దూ విభాగపు సోదరులు దానిని నహర్ అంటారు, ఊరివారందరూ కెనాల్ అంటారు. ఏ పేర పిలిచినా అది మనకు అన్నం పెట్టింది. దానిని నిందించుట మా ఉద్దేశం కాదు.

కాని కాలువ రాక పూర్వం ఈ ప్రాంతపు పిల్లలకు ఈత నేర్పిన గురువు మోటబావి. వేసవి సెలవులలో నడుముకు బెండ్లో, ఎండిన సొరకాయ బుర్రలో కట్టి, మేనమామయో పెద్దన్నయో గట్టునుండి తాడు పట్టుకొని పిల్లవానిని నీటిలోనికి దింపేవారు. రెండు గుక్కలు మ్రింగి, ఏడ్చి, నాలుగవనాటికి వాడే పైనుండి దూకేవాడు. గొట్టపు బావులు వచ్చి మోటబావులు పూడిపోయిన తర్వాత ఆ బడి మూతబడింది. దాని స్థానే మరొక బడిని మనమెవరమూ తెరువలేదు.

బావిలో నేర్చిన ఈతయైనా కాలువలో చాలదు. ఈ సంగతి చాలమందికి తెలియదు. బావినీరు నిలిచి ఉంటుంది, అలసిన చేతికి రాతిమెట్టో, గోడలో మొలచిన వేరో అందుతుంది. కాలువ ప్రక్కలు ఏటవాలుగా, కాంక్రీటుతో నున్నగా ఉంటాయి. పైగా నాచు పట్టి జారుతాయి. పైకి ప్రశాంతంగా కనిపించే నీరు లోపల మనిషిని ఈడ్చుకొనిపోతుంది. తూముల వద్ద, నీరు మెట్టుదిగే చోట్ల సుడి ఉంటుంది. వంతుల పద్ధతిలో నీరు వదలినపుడు నిన్న మోకాలిలోతు ఉన్నచోట నేడు నిలువులోతు ఉండవచ్చును. హోళీనాడు రంగులు కడుగుకొనుటకు దిగినవారు, సెల్‌ఫోనుతో ఫోటో దిగబోయి కాలుజారినవారు, జారినవానికై వెంటనే దూకిన స్నేహితుడు, ఇట్టి వార్తలు మనకు కొత్తవి కావు. ఆ మూడవవాని కథ మమ్ము మరింత బాధిస్తుంది. వాని చేతికి ఒక తాడో, మూత బిగించిన ఖాళీ నూనె డబ్బాయో అంది ఉంటే దూకవలసిన పనియే లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు మూడు లక్షల మంది నీటమునిగి మరణించారు. ఆ సంవత్సరమే ఐక్యరాజ్యసమితి జులై 25ను ఈ ప్రమాదాల నివారణ దినంగా ప్రకటించింది. బడి ఈడు పిల్లలకు ఈత, నీటి జాగ్రత్తలు నేర్పవలెనని ఆ సంస్థ సూచిస్తున్నది.

ఇక మన పెద్దల అభ్యంతరాలు మేము ఎరుగుదుము. ఆడపిల్లలకు ఈత ఏమిటని అడిగేవారు ఉన్నారు. బతుకమ్మను నీట విడిచేది, బట్టల మూటతో గట్టుకు వెళ్లేది ఎవరు? నీటికి దగ్గరగా మసలేవారికే ఈత వద్దనుట మాకు అర్థం కాని న్యాయం. పిల్లలకు ఈత, విలువిద్య, గుర్రపుస్వారీ నేర్పుడన్న ఉపదేశం హజ్రత్ ఉమర్ పేర ప్రసిద్ధమే కదా. నలభై ఏండ్లు దాటిన తర్వాత ఈత నేర్చిన మన తెలుగు మహిళ గోలి శ్యామల 2021లో పాక్ జలసంధిని ఈదారు. వేరు వేళలు, స్త్రీ శిక్షకురాలు, నిండైన దుస్తులు, ఈ ఏర్పాటు చేస్తే తల్లిదండ్రులు ఎందుకు కాదంటారు?

ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదన్నది రెండవ ప్రశ్న. ఇది సరియైన ప్రశ్నయే. అందుకే కాలువలో కాక, లోతు కొలిచి కంచెవేసిన నిలువనీటిలోనో, కొలనులోనో నేర్పవలెనంటున్నాము. నీటిపై వెల్లకిల తేలుట మొదటి పాఠం కావాలి. ప్రవాహానికి ఎదురీదక, దానితోనే పోతూ ఏటవాలుగా గట్టు చేరుట తర్వాతి పాఠం. గట్టునున్నవాడు దూకక తాడు విసరుట అన్నిటికంటె ముఖ్యం, దానిని ఆటస్థలంలోనే అభ్యసించవచ్చును. రేవులవద్ద మెట్లు, పట్టుగొలుసులు అమర్చవలసిందిగా నీటిపారుదల శాఖకు పాలకవర్గం వ్రాయవలెనని కోరుతున్నాము.

వీటికి ధనమూ సమయమూ పడుతుంది. కాలువకు నీరు వదిలే తేదీలను తెలుగులోనూ ఉర్దూలోనూ మన నోటీసు బోర్డుపై వ్రాయుటకు మాత్రం సుద్దముక్క చాలు. ఈ ఏటినుండే మొదలుపెట్టవచ్చును.