విల్లు వెలిగితే తిరుగుబాటేనా?

భవిష్యత్తులో తిరుగుబాటు అనగానే మనవాళ్ళకి ముందుగా ఒక పాతకాలపు ఆయుధం కావాలి. సరైన వంశంవాడు ముట్టుకోగానే అది భగ్గున వెలగాలి, హాలంతా ఈలలు మోగాలి. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ చివర్లో జరిగింది ఇదే. గంగ ఎండిపోయింది, కాశీ జనం దుమ్ములో బతుకుతున్నారు, నీళ్ళూ పచ్చదనమూ పైనున్న కాంప్లెక్స్ అనే సంపన్నుల నగరం పాలయ్యాయి. ఇంత అన్యాయం చూపించి మనల్ని అడిగిందేమిటయ్యా అంటే, గాండీవం ఎవరిది, విజయ ధనుస్సు ఎవరిది అని! డబ్బు పోగేసి ఎలాగైనా ఆ కాంప్లెక్స్‌లో దూరాలని చూసే భైరవ నిజానికి మంచి పాత్ర. అమ్ముడుపోవడానికి సిద్ధంగా ఉన్నవాడు ఎందుకు తిరగబడతాడు? జవాబు వెతికే ఓపిక లేక వాణ్ణి కర్ణుణ్ణి చేసి పారేశారు.

‘ది ఎక్స్‌పాన్స్’ చూడండి. డేనియల్ అబ్రహాం, టై ఫ్రాంక్ కలిసి జేమ్స్ ఎస్.ఎ. కోరే అనే పేరుతో 2011 నుంచి 2021 దాకా రాసిన 9 నవలలు, వాటి ఆధారంగా వచ్చిన 6 సీజన్ల సీరియల్. అక్కడా పురాతన టెక్నాలజీ ఉంది. ఎవరో గ్రహాంతరవాసులు ఎప్పుడో మన వైపు విసిరిన ప్రోటోమాలిక్యూల్ అది. దానికి కులగోత్రాలు పట్టవు, దొరికినవాణ్ణల్లా మింగేస్తుంది. ఎలా మింగుతుందో చూద్దామని ఒక కంపెనీ ఈరోస్ అనే గ్రహశకలం మీద ఊరు ఊరంతటినీ బలిపెట్టింది.

తిరుగుబాటు మాత్రం అక్కణ్ణించి పుట్టలేదు. మొదటి ఎపిసోడ్‌లోనే, గ్రహశకలాల బెల్ట్‌లోని సెరెస్‌లో ఇంటి ఓనరు గాలి ఫిల్టర్లు మార్చక పిల్లలు దగ్గుతుంటారు. అదే ఎపిసోడ్‌లో భూమ్మీద ఒక బెల్టర్‌ని, అంటే ఆ బెల్ట్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, కొక్కేలకి వేలాడదీసి ప్రశ్నలడుగుతారు. కొట్టక్కర్లేదు. తక్కువ గురుత్వాకర్షణలో పెరిగిన ఒళ్ళు, భూమి లాగే లాగుడే చిత్రహింస. తిరగబడటానికి ఇది చాలదా? దివ్యాస్త్రం కూడా కావాలా?

ఆ కథ తిరుగుబాటుదారుణ్ణీ వదల్లేదు. బెల్ట్ స్వేచ్ఛ పేరు చెప్పి భూమి మీద రాళ్ళు కురిపించిన మార్కో ఇనారోస్, దొంగిలించిన ప్రోటోమాలిక్యూల్‌ని మార్స్ సైన్యంలోని కుట్రదారుల చేతిలో పెట్టి యుద్ధనౌకలు పుచ్చుకుంటాడు. శత్రువు వస్తున్నాడనగానే సెరెస్‌లో సరుకంతా ఊడ్చుకుని, తన జనాన్నే ఆకలికి వదిలేసి పోతాడు. నాయకుడి చేతిలో ఆయుధం పడ్డాక జనం ఏమవుతారో చెప్పే దమ్ము అంటే అదీ.

‘మాయాబజార్’ తీసిన మనవాళ్ళకి పురాణం వద్దని ఎవరంటారు? వాడుకోండి. కానీ తిరగబడేవాణ్ణి పుట్టుక సర్టిఫికెట్ అడిగే కథ, ఎన్ని రాకెట్లు తగిలించినా, రాజుగారి కథే. ‘కల్కి’ రెండో భాగం రాసేవాళ్ళని అడిగేది ఒక్కటే: కాంప్లెక్స్ కూలితే ఆ నీళ్ళు కాశీకి ఎవరు పంచుతారో, ఎవరికి ముందు ఇస్తారో, ఒక్క సీనైనా రాయండి.