గల్ఫ్ చిల్లరకు వెల ఎంత?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు పల్లెల్లోనూ, ఇటు కడప, కోనసీమల్లోనూ గల్ఫ్ చిల్లర నాలుగు బిళ్లలైనా లేని ఇల్లు తక్కువ. వెంట తెచ్చుకున్న నోట్లను ఎక్కడో ఒకచోట మార్చుకోవచ్చు. నాణేలు తీసుకునేవారు మాత్రం దొరకరు. సెలవు మీద వచ్చిన మనిషి జేబులో మిగిలిన చిల్లర అలా బీరువా అరలోనే ఉండిపోతుంది. ఎప్పుడో పిల్లల కంట పడుతుంది. ఇది ఏ దేశానిది, ఎంత వస్తుంది అని వాళ్లు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే.

వీటిలో తరచూ కనిపించేది ఎమిరేట్స్ దిర్హమ్. వంకర ముక్కున్న కాఫీ కూజా దాని గుర్తు. అరబ్బుల ఇళ్లలో వచ్చినవారికి కాఫీ పోసే ఆ కూజా పేరు దల్లా. 1971లో ఎమిరేట్లు ఒక దేశమయ్యాయి. 1973 మే వరకు అబుదాబీలో బహ్రెయిన్ దినార్, మిగిలినచోట్ల ఖతార్-దుబాయ్ రియాల్ చెల్లేవి. సొంత నాణెం కొట్టించుకునే రోజు వచ్చినప్పుడు ఆ కొత్త దేశం దాని మీద అతిథి మర్యాదను ముద్రించుకుంది. ఎంత ముచ్చటైన ఎంపిక! దిర్హమ్ కింది చిల్లర ఫిల్స్. 25 ఫిల్స్ మీద జింక, 10 ఫిల్స్ మీద తెరచాప పడవ ఉంటాయి. 50 ఫిల్స్ మీద చమురు బావుల బురుజులు కనిపిస్తాయి. 1995లో దిర్హమ్ అడ్డుకొలత 28.5 మిల్లీమీటర్ల నుంచి 24కు తగ్గింది, గుండ్రంగా ఉండే 50 ఫిల్స్ ఏడు పలకలుగా మారింది. అందువల్ల మీ దగ్గరున్నది పెద్ద దిర్హమ్ అయితే అది పాత తరహాది.

చిక్కంతా ఏడాది చదవడంలో ఉంది. అరబ్బీ అంకెల్లో సున్నా ఒక చుక్క. మన సున్నాలా గుండ్రంగా కనిపించేది అయిదు. ఏడుకు మొన కిందికి, ఎనిమిదికి పైకి ఉంటుంది. రాత కుడి నుంచి ఎడమకు సాగినా అంకెలను మనలాగే ఎడమ నుంచి చదవాలి. దిర్హమ్ మీద ముస్లిం పంచాంగమైన హిజ్రీ సంవత్సరం, మన వాడుక సంవత్సరం రెండూ ఉంటాయి కనుక ఇబ్బంది లేదు. సౌదీ రియాల్ కింది చిల్లరైన పాత హలాలాల మీద ఉండేది హిజ్రీ ఒక్కటే. 1400 అని చూసి ఆరు వందల ఏళ్ల నాటిదని మురిసిపోయేవారున్నారు. హిజ్రీ ఏడాది మన ఏడాదికన్నా దాదాపు 11 రోజులు చిన్నది. అందుకే ఆ అంకెను 0.97తో గుణించి 622 కలపాలి. 1400 అంటే 1980 ప్రాంతం. హైదరాబాద్ చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం నాణేలను చదివేవారికి ఈ లెక్క కొత్తేమీ కాదు.

ఇక వెల. తెల్లగా మెరిసినా దిర్హమ్‌లో వెండి లేదు. పాతవి రాగి, నికెల్ కలిపిన లోహం. 1997 నుంచి ఒక డాలరుకు 3.6725 దిర్హమ్‌లన్న మారకం కదలలేదు. చేతులు మారి అరిగిన దిర్హమ్ వెల ఒక దిర్హమ్ మాత్రమే. వాడుకలోకి రాకుండా తళతళలాడుతున్నవాటికీ, ఏదో సందర్భానికి తక్కువగా ముద్రించినవాటికీ సేకర్తలు కొంత ఎక్కువ ఇస్తారు. అలాంటిది దొరికితే చింతపండుతో తోమకండి. రుద్దిన నాణేన్ని సేకర్త పక్కన పెట్టేస్తాడు.

వెల సంగతి ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. పాత నాణేనికి లక్షలు వస్తాయన్న ప్రకటనలు ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. అలాంటి కొనుగోళ్లకు తన పేరు వాడుకుంటూ రుసుములు, పన్నులు అడుగుతున్నారని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో స్వయంగా హెచ్చరించింది. ఎండలో కట్టడాల మీద, పరాయి ఇళ్ల వంటగదుల్లో పనిచేసి కూడబెట్టిన సొమ్ము ఇలాంటివారి పాలు కావడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మీ ఇంట్లోని గల్ఫ్ చిల్లరను ఈ ఆదివారం పిల్లల ముందు పోయండి. ఏడాది వాళ్లచేతే చదివించండి. ఎవరు, ఏ ఊరి నుంచి తెచ్చారో చీటీ మీద రాసి జత చేయండి. అమ్మిపెడతాం, ముందుగా రుసుము కట్టండి అన్నవారికి ఒక్క రూపాయి కూడా పంపకండి.