ఈ సంచిక వేలేరుపాడుకు

ఆకివీడు చుట్టుపక్కల వరిచేలు గోదావరి కాలువ నీళ్లతో పండుతాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది మొదలు మన డెల్టాకు అన్నం పెడుతున్న నది అది. ఇప్పుడదే నదిపై పోలవరం ప్రాజెక్టు లేస్తోంది. పొరుగున ఏలూరు జిల్లాలో కుక్కునూరు, వేలేరుపాడు మండలాల ఊళ్లు ముంపులో పోతున్నాయి.

2014లో ఖమ్మం జిల్లా నుంచి మన రాష్ట్రంలో కలిసిన ఆ మండలాల్లో 41.15, 45.72 అనే అంకెలు పిల్లలకూ తెలుసు. జలాశయ మట్టాలవి, మీటర్లలో. ముందు ఖాళీ చేసేదెవరో, తర్వాత ఎవరో ఆ గీతలే తేలుస్తాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు వరద మాత్రం ఏ గీతనూ లెక్కచేయలేదు.

ఆ ముంపు ప్రాంతంలోని పేరంటపల్లిలో కొండరెడ్లు వెదురు చీల్చి అల్లే పూలు పాపికొండల లాంచీ ఎక్కినవాళ్లు చూసే ఉంటారు. ఆ పనికి వెదురు చేతికందేంత దగ్గర్లో ఉండాలి. పరిహారం లెక్కలో ఇంటికి, పొలానికి ధర కట్టారు. అడవి పక్కన బతకడానికి ఏ ధర కడతారు?

పునరావాస కాలనీకి చేరినవాళ్లను మీది ఏ ఊరని అడగండి. పాత ఊరి పేరే చెబుతారు, తల ఎత్తుకుని. ఈ సంచిక పేజీలన్నీ వాళ్లకే ఇచ్చాం. యాసను ఎక్కడా దిద్దలేదు.