తెర మీది అంకెను ఎంతవరకు నమ్మాలి?

విశాఖపట్నం ఎల్‌జీ పాలిమర్స్‌లో 2020 మే 7 తెల్లవారుజామున ఎం-6 ట్యాంకు నుంచి ఎగజిమ్మిన స్టైరీన్ ఆవిరి 12 మంది ప్రాణాలు తీసింది. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలుస్తున్నారని రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. పైపొరలు వేడెక్కుతున్న సంగతి కంట్రోల్ రూమ్‌కు తెలిసే దారే లేకపోయింది.

అమెరికాలో టెక్సాస్ సిటీ బీపీ రిఫైనరీలో 2005 మార్చి 23న జరిగింది ఇంకా ఘోరం. టవర్‌లో ద్రవం 158 అడుగులకు చేరినా, తెర మీద 8 అడుగుల లోపే ఉంది, పైగా తగ్గుతున్నట్టు కనిపించింది. పేలుడులో 15 మంది చనిపోయారు. తెర ఖాళీగా ఉంటే ఆపరేటర్ మనిషిని పంపి చూసి రమ్మంటాడు. నమ్మదగ్గట్టున్న తప్పుడు అంకె ఆ పనీ చేయనివ్వదు. అందుకే ఆగిపోయిన మీటరు కంటే అబద్ధం చెప్పే మీటరే ఎక్కువ ప్రమాదం.

నిజామాబాద్ జిల్లాకు ఇది దూరపు ముచ్చట కాదు. 1937లో మొదలైన బోధన్ నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. దాన్ని తిరిగి తెరిపించే మార్గాలు చూడడానికి 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు రసానికి సున్నపు పాలు, గంధకపు వాయువు కలిపి పీహెచ్‌ను 7 దగ్గర నిలుపుతారు. పీహెచ్ కొలవడానికి వేడి రసంలో మునిగి ఉండే ఎలక్ట్రోడ్‌కు కొన్నాళ్లు కడగకపోతే పొర పడుతుంది. రీడింగ్ అసలు కంటే ఎక్కువ చూపితే సున్నం తగ్గిస్తారు. రసం ఆమ్లంగానే ఉండిపోయి సుక్రోజ్ గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. ఆ చక్కెర ఇక స్ఫటికం కాదు, మొలాసిస్‌లో కలిసిపోతుంది. ల్యాబ్ ఫలితం వచ్చేసరికి ఆ రసం ఎప్పుడో ముందుకు వెళ్లిపోయి ఉంటుంది.

ఇలా రెండు మూడుసార్లు మోసపోయిన ఆపరేటర్, మీటరు నిజం చెప్పినప్పుడూ నమ్మడు. అలారం మోగితే నొక్కి ఆపేస్తాడు. తప్పు అతనిది కాదు. అనుమానపు రీడింగ్‌ను మామూలు రీడింగ్‌లాగే చూపించే తెరది, ఆ తెర పెట్టిన యాజమాన్యానిది.

కేంద్రం ప్రకటించే చెరకు ధర రికవరీ శాతంతో, అంటే చెరకు నుంచి వచ్చే చక్కెర శాతంతో, ముడిపడి ఉంది కాబట్టి ఇది రైతు లెక్క కూడా. బోధన్‌లో కొత్త యంత్రాలు పెట్టేవారు ముఖ్యమైన చోట్ల రెండో మీటరు పెట్టాలి, రెండూ పొసగకపోతే తెర మీద రంగు మారాలి, ప్రతి రీడింగ్ పక్కన చివరిసారి సరిచూసిన తేదీ కనిపించాలి. టెండరు పత్రాల్లోనే ఈ షరతులు రాయించాలని చెరకు రైతు సంఘాలు, కార్మిక సంఘాలు ఇప్పుడే పట్టుబట్టాలి.