బంపరు తళుకూ, తొట్టి దగ్గరి మనిషీ

1958లో అమెరికాలో వెలువడిన బ్యూయిక్ కారు ముందరి జాలీలో క్రోమియం పూసిన చిన్న చిన్న లోహపు చదరాలు 160 ఉండేవి. ఇంజనుకు గాలి అందడానికి అన్ని చదరాలు అవసరం లేదు; ఎండలో తళతళలాడడానికే వాటిని అమర్చారు. ఆ దశాబ్దంలో కారు హోదాను దాని తళుకే నిర్ణయించేది. మన దేశంలోనూ అంబాసిడర్ బంపరులో ముఖం చూసుకుని, వంకరగా సాగిన తమ మూతికి తామే నవ్వుకోని పిల్లలు ఒక తరంలో అరుదు.

నేటి కార్లలో ఆ బంపరు కానరాదు. దాని స్థానాన్ని కారు రంగునే పులుముకున్న ప్లాస్టిక్ తొడుగు ఆక్రమించింది. పర్యావరణ చట్టాలే క్రోమియాన్ని కార్ల నుంచి తరిమివేశాయని పలువురి నమ్మకం. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని ఆ నిజం ఉన్న చోటు వేరు.

బంపరు రూపాన్ని మొదట మార్చినది భద్రతా నిబంధన. 1973 మోడళ్ల నుంచి అమెరికాలో అమ్మే కార్లు గంటకు 5 మైళ్ల వేగంతో ముందువైపు ఢీకొన్నా దీపాల వంటి భద్రతా భాగాలు చెడరాదని ప్రభుత్వం శాసించింది. దానితో ఉక్కు బంపర్లు బరువెక్కాయి. అదే ఏడాది చమురు సంక్షోభం తలెత్తింది. కార్లు పెట్రోలును పొదుపుగా వాడి తీరాలని 1975లో మరొక చట్టం వచ్చింది. ఇక ప్రతి కిలో బరువూ ఉత్పత్తిదారులకు బెడద అయింది. దెబ్బను తనలో ఇముడ్చుకునే ప్లాస్టిక్ తేలికగానూ, కోరిన ఆకృతికి లొంగేదిగానూ కనిపించింది. అభిరుచి కూడా మారింది. 1980లు వచ్చేసరికి నల్లని అంచులే నవీనత అనిపించుకున్నాయి. ఈ మార్పులలో దేనికీ క్రోమియం విషంతో సంబంధం లేదు.

ఆ విషం బంపరు మీద ఉండదు. కారు మీద మెరిసే క్రోమియం శుద్ధ లోహం. దానిని తాకితే విషం సోకదు. పైగా ఆ పొర అతి పలుచన. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే సాధారణంగా అందులో ఒక భాగంలో సగానికి మించదు. తుప్పును నిలువరించే పని చాలావరకు దాని కిందనున్న నికెల్ పొరదే. నీలి ఛాయగల ఆ చల్లని మెరుపూ, తేలికగా గీత పడని గట్టిదనమూ మాత్రం క్రోమియానివి.

హాని అంతా ఆ పొరను ఎక్కించే తొట్టిలో ఉంది. అందులో ఉండేది క్రోమిక్ ఆమ్లం. క్రోమియం అక్కడ ఆరు ఎలక్ట్రానులు కోల్పోయిన స్థితిలో ఉంటుంది. శాస్త్రజ్ఞులు దానిని హెక్సావాలెంట్ క్రోమియం అంటారు. తొట్టిలోకి విద్యుత్తు ప్రవహింపజేస్తే, సాధారణంగా అందులో ఐదవ వంతో, అంతకంటె తక్కువో మాత్రమే లోహాన్ని పేర్చడానికి వినియోగమవుతుంది. మిగిలినది నీటిని విడగొట్టి హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలను పుట్టిస్తుంది. పైకి వచ్చి చిట్లే ప్రతి బుడగా ఆమ్లపు తుంపరను గాలిలోకి చిమ్ముతుంది. ఆ గాలిని పీల్చిన పనివారికి ముక్కు లోపలి గోడకు రంధ్రం పడడం, చేతుల మీద మొండి పుండ్లు లేవడం వైద్యులు చిరకాలంగా ఎరిగిన సంగతులే. ఈ క్రోమియం మనుషులలో కాన్సర్‌కు కారణమని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1990లో నిర్ధారించింది. దాని దెబ్బ ముఖ్యంగా ఊపిరితిత్తుల మీదనే.

ఆలస్యంగానైనా చట్టం ఈ తొట్టి వైపు చూపు సారించింది. ప్లేటింగ్ కర్మాగారాలు గాలిలోకి విడిచే క్రోమియానికి అమెరికా 1995లో హద్దులు విధించింది. పనిచోట ఘనపు మీటరు గాలిలో 52 మైక్రోగ్రాముల దాకా ఉండవచ్చునన్న పాత పరిమితిని 2006లో 5కు దించింది. ఐరోపాలో 2017 సెప్టెంబరు నుంచి ప్రత్యేక అనుమతి లేనిదే క్రోమిక్ ఆమ్లపు తొట్టిని నడపరాదు. అలంకారపు పూతలలో దీని వాడుకను 2027 నాటికి, కొన్ని షరతులకు లోబడినవారైతే 2030 నాటికి, మాన్పించాలని కాలిఫోర్నియా 2023లో తీర్మానించింది.

మన దేశంలో ఇట్టి తొట్లు అనేకం చిన్న చిన్న షెడ్లలో ఉన్నాయి. కారు భాగాలకే కాక సైకిలు హ్యాండిళ్లకూ, కుళాయిలకూ అవే మెరుగు పెడతాయి. కడుగునీటిని నదులలోకి, కాలువలలోకి వదలాలంటే లీటరుకు 0.1 మిల్లీగ్రాముకు మించి హెక్సావాలెంట్ క్రోమియం ఉండరాదని మన నిబంధన. అది అసాధ్యమేమీ కాదు. ఆమ్లగుణం గల ఆ నీటిలో సోడియం మెటాబైసల్ఫైట్ కలిపితే క్రోమియం చాలా తక్కువ హాని చేసే ట్రైవాలెంట్ రూపానికి మారుతుంది. సున్నం వేస్తే బురదగా అడుగుకు దిగుతుంది. కాని మందుకూ ఖర్చే, బురదను భద్రపరచడానికీ ఖర్చే. ఆ ఖర్చు తప్పించుకోదలచినవాడికి షెడ్డు పక్కన మురుగుకాలువ ఎప్పుడూ ఉంటుంది.

తుంపరను అణచడానికి కనిపెట్టిన ఉపాయం మరొక చిక్కు తెచ్చిపెట్టింది. తొట్టిలో కలిపిన పి.ఎఫ్.ఓ.ఎస్. అనే రసాయనం బుడగల చిమ్మును తగ్గించింది. అయితే అది ప్రకృతిలో నశించదనీ, జీవుల శరీరాలలో పేరుకుంటుందనీ తేలింది. 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందం దానిని నియంత్రించవలసిన పదార్థాలలో చేర్చింది.

మేలైన మార్గం లేకపోలేదు. ట్రైవాలెంట్ క్రోమియంతోనే పూత వేసే పద్ధతి 1970ల మధ్యకాలం నుంచి మార్కెట్లో ఉంది. ఆ తొట్టిని శుభ్రంగా ఉంచడానికి ఎక్కువ జాగరూకత కావాలి. వచ్చే మెరుపులో నీలి ఛాయ కాస్త తగ్గి, రంగు రవంత ముదురుగా ఉంటుంది. పాత భాగం పక్కన కొత్త భాగాన్ని బిగిస్తే తేడా తెలుస్తుందని కొనుగోలుదారులు దీర్ఘకాలం దానిని పక్కన పెట్టారు.

ఆ ఛాయాభేదాన్ని కొన్న కన్ను సహించలేకపోయింది. అది సహించనందువల్ల కలిగిన కష్టాన్ని మాత్రం తొట్టి మీద వంగి పనిచేసిన మనిషి ఊపిరి దశాబ్దాల తరబడి సహించింది. ఇకముందు తళుకు కావాలనుకునేవారు దుకాణంలో ధరతోపాటు ఇంకొక ప్రశ్న కూడా అడగవచ్చు: ఈ పూత ఏ తొట్టిలో వేశారు?