పాత బండికి కొత్త రంగు, ఆపైన కరెంటు తంటాలు

ఈ మధ్య మన చాందా కుర్రవాళ్లకు పాత మోటారు సైకిళ్ల మోజు పట్టుకున్నది. తాతగారి జావా, మేనమామగారి రాజ్‌దూత్, ఎవరో వదిలేసిన బుల్లెట్టు, ఏదో ఒకటి. పెరట్లో ఏళ్ల తరబడి కోళ్లు గుడ్లు పెట్టుకున్న బండిని బయటికి లాగి, విప్పి, తోమి, రంగు వేసి మళ్లీ నడిపించాలని పట్టుదల. మాకిది నచ్చిన పనే. మైసూరులో 1961లో మొదలైన జావా కార్ఖానా 1996లో మూతపడింది. 2018 నుంచి అదే పేరుతో కొత్త బండ్లు వస్తున్నాయి గాని అవి వేరు. పాతది ఒకసారి తుక్కులో కలిస్తే కలిసినట్టే. తుక్కు ఇనుమును ఇక్కడి మరాఠీలో భంగార్ అంటారు గదా! మన తెలుగు చెవికి అది బంగారమని వినబడడం వింతే.

ఇంజను పని తెలిసినవారు ఊళ్లో దొరుకుతారు. కరెంటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం తలా ఒక ఊహ చెబుతారు. ఒకరు కాయిలు మార్చమంటారు, ఇంకొకరు డైనమో పోయిందంటారు, మూడో ఆయన మొత్తం వైరింగు పీకెయ్యమంటాడు. ఆఫీసులో ఫైలు కనబడకపోతే బీరువాలన్నీ మార్పించము. ఆఖరుసారి ఎవరి బల్లమీద ఉన్నదో అడిగి, అక్కణ్ణుంచి ఒక్కొక్క బల్లా చూసుకుంటూ పోతాము. బండిలో కరెంటునూ అలాగే వెతకాలి.

దానికి ముందు జాగ్రత్త మాట. “ఆరు వోల్టులే గదా, ఏం చేస్తుంది?” అని చాలామంది అంటారు. షాకు కొట్టదు, నిజమే. కాని బ్యాటరీ రెండు కొసల మధ్య ఇనుప పానా పడితే అది చెయ్యి కాలేటంత వేడెక్కుతుంది. వేలికి ఉంగరముంటే ఇక చెప్పనక్కర్లేదు. చార్జింగు పెట్టిన బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలిలో అది నూటికి నాలుగు పాళ్లుంటే చాలు, ఒక్క నిప్పురవ్వకు భగ్గుమంటుంది. ఇవన్నీ అటుంచి, మోటారు సైకిలులో తీగల కట్ట సరిగ్గా పెట్రోలు టాంకు కిందనుంచే పోతుంది.

మా లైనులోనే ఒక ఇంట ఇది జరిగింది. గనిలో పనిచేసి రిటైరైన పెద్దాయన జావాను మనుమడు ఆరు నెలలు కష్టపడి తీర్చిదిద్దాడు. రంగు అద్దంలా మెరిసింది. తీరా చూస్తే లైటు మిణుగురు పురుగులా ఉన్నది, హారను మూలుగుతున్నది, ఫ్యూజు ఒకే రోజు మూడుసార్లు పోయింది. నాలుగోసారి ఎవరో సలహా చెబితే సిగరెట్టు పెట్టెలోని తగరపు కాగితం చుట్టి ఫ్యూజు స్థానంలో దూర్చాడు. ఆ కాగితం కరగలేదు, టాంకు కింద తీగ కరిగింది. పొగ చూసి కుర్రవాడు బ్యాటరీ తీగను చేత్తో లాగేశాడు గనుక మంట రాలేదు గాని అరచేతిలో పెద్ద బొబ్బ లేచింది. “బండి పోతే పోయింది నాయనా, నీ చెయ్యి చూపించు” అని పెద్దావిడ ఏడ్చింది. పెద్దాయన మర్నాడే దాన్ని భంగార్‌కు ఇచ్చేస్తానన్నాడు. ఆయన్ను ఒక వారం ఆగమని మేము బతిమాలవలసి వచ్చింది.

ఫ్యూజు పోవడం జబ్బు కాదు. జబ్బున్నదని చెప్పే కబురు. కబురు తెచ్చినవాడి నోరు మూస్తే జబ్బు టాంకు కిందికి పోతుంది.

పని మొదలుపెట్టేముందు ఉంగరం, వాచీ, కడియం తీసెయ్యాలి. బండిని గదిలో గాక గాలి ఆడే నీడలో నిలపాలి. పెట్రోలు టాంకును విప్పి దూరంగా పెడితే మరీ మంచిది. పక్కన పొడి ఇసుక బకెట్టు ఉంచుకోవాలి. పెట్రోలు మంటమీద నీళ్లు పోయరాదు. బ్యాటరీ విప్పేటప్పుడు చాసీకి పోయే తీగను ముందు తియ్యాలి, బిగించేటప్పుడు దాన్ని ఆఖర్న పెట్టాలి. అప్పుడు పానా పొరపాటున చాసీకి తగిలినా ప్రమాదముండదు. కొన్ని పాత ఇంగ్లీషు బండ్లలో చాసీకి పోయేది ప్లస్ తీగ. అందుచేత రంగు చూసి గాక, తీగ ఎక్కడికి పోతున్నదో చూసి గుర్తుపట్టాలి. యాసిడ్ కంట్లో చిందితే పావుగంట ధారగా నీళ్లతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

ఇక వెతికే ఉపాయం. ఫ్యూజు తీసేసి దాని రెండు కొసలకు ఒక పాత హెడ్‌లైటు బల్బును తీగలతో కలపండి. ఆరు వోల్టుల బండికి ఆరు వోల్టుల బల్బే కావాలి. ఎక్కడో తీగ చాసీకి తగులుతుంటే ఈ బల్బు నిండుగా వెలుగుతుంది. అది 35 వాట్ల బల్బయితే సుమారు ఆరు ఆంపియర్లకు మించి కరెంటు పోనివ్వదు, అంచేత తీగ కాలదు. మీరు తాపీగా ఒక్కొక్క శాఖా విప్పుకుంటూ పోవచ్చు. ఏది విప్పితే బల్బు ఆరుతుందో అందులో ఉన్నది దొంగ. బల్బు బాగా వేడెక్కుతుంది, పెట్రోలుకు దూరంగా వేలాడదీయండి.

ఆ జావాకు ఇలాగే కట్టి చూశాము. బల్బు మామూలుగా మసకగా ఉన్నది. హాండిల్‌ను ఎడమకు తిప్పగానే భగ్గున వెలిగింది, కుడికి తిప్పితే తగ్గింది. హెడ్‌లైటు గూటిలోనుంచి టాంకు కిందికి వచ్చే తీగ మెడ దగ్గర ఒరుసుకుని పై తొడుగు అరిగిపోయింది. జానెడు తీగ మార్చి, రబ్బరు గొట్టం తొడిగి, హాండిల్ తిప్పినా లాగకుండా కాస్త వదులుగా కట్టాడు కుర్రవాడు. తరువాత సరైన ఆంపియర్ల ఫ్యూజు వేస్తే నిలిచింది.

అయినా లైటు మిణుగురే. ఇక్కడే మేము చెప్పదలచిన అసలు సంగతి. పాత బండ్లలో ప్రతి బల్బుకూ రెండు తీగలుండవు. ఒక తీగ పోతుంది, తిరుగుదారి చాసీ ఇనుమే. కొత్తగా రంగు వేసినవారు ఆ దారిని రంగుతో మూసేస్తారు! బండి ఎంత అందంగా తయారైతే కరెంటుకు అంత అడ్డం. బ్రేకు నొక్కగానే వెనుక లైటు ఇంకా మసకబారితే అర్థింగు సరిగా లేదని అనుమానించవలసిందే. రూఢి చేసుకోవాలంటే లైటు వేసి ఉంచి, మీటరును వోల్టులకు తిప్పి, ఒక ముల్లు బ్యాటరీ చాసీ కొసమీద, రెండోది బల్బు హోల్డరు ఒంటిమీద ఆనించండి. దాదాపు సున్నా చూపాలి. అర వోల్టు చూపినా తిరుగుదారిలో అడ్డమున్నట్టే. పన్నెండు వోల్టుల బండిలో ఒక వోల్టు పోతే పన్నెండో వంతు నష్టం, ఆరు వోల్టులలో ఆరో వంతు. పాత బండికి అర్థింగు అంత ముఖ్యం. మీటరును ఆంపియర్లకు తిప్పి బ్యాటరీ కొసలమధ్య ఎన్నడూ పెట్టరాదు.

కుర్రవాడు తన ముచ్చటైన రంగును గరుకు కాగితంతో గీకడానికి ప్రాణం ఒప్పక చాలాసేపు తటపటాయించాడు. బోల్టు కిందికి పోయే చోట కాసంత, రూపాయి బిళ్లంత, గీకితే చాలునన్నాము. ఇనుము తెల్లగా తేలేదాకా గీకి, బోల్టు బిగించి, పైన కొద్దిగా వేజలీన్ రాశాడు. లైటు గోడమీద తెల్లగా పడింది. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని హారను తానే రెండుసార్లు కొట్టి చూశాడు.

మన ఊరి వాతావరణానికి ఇంకొక మాట. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండకు పాత తీగల తొడుగు పెళుసెక్కి చిట్లుతుంది, బ్యాటరీలో నీరు త్వరగా ఇగురుతుంది. పదిహేను రోజులకోసారి చూసి డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలి, కుళాయి నీరు కాదు. తొలకరి పడగానే కనెక్షన్లలో చేరిన బొగ్గు దుమ్ము తడిసి బురదవుతుంది. వర్షాలకు ముందే విప్పి తుడుచుకోవడం మేలు.

ప్లగ్గులో నిప్పురవ్వ చూసే సరదా అందరికీ ఉంటుంది. కాయిలు నుంచి వచ్చేది వేల వోల్టులు, ప్లగ్గును చేత్తో పట్టుకోరాదు. పెట్రోలు కుళాయి కట్టేసి, ప్లగ్గు ఒంటిని ఇంజను ఇనుముకు గట్టిగా ఆనించి, ప్లగ్గు తీసిన రంధ్రానికి దూరంగా ఉంచి కిక్కు కొట్టాలి. గుండెకు పేస్‌మేకరు అమర్చుకున్న పెద్దలు ఆ సమయంలో అవతల కూర్చోవాలి.

పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను తిరిగి చేయించేటప్పుడు లైట్లు, హారను, బ్రేకు లైటు తనిఖీ చేస్తారు. ఆఫీసుకు తీసుకుపోయే ముందటి రాత్రి అన్నీ వేసి, హాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసుకోండి. బ్యాటరీ మార్చవలసివస్తే పాతదాన్ని పెరట్లో పారెయ్యక కొత్తది కొన్న దుకాణంలోనే ఇవ్వండి. ధరలో కొంత తగ్గిస్తారు.